తిరిగే పొన్ను – ఒక మడతచాకు చరిత్ర

రోకలి కొసకు ఇనుప పొన్ను ఉంటుంది. చేతికర్ర అడుగున ఇత్తడి పొన్ను ఉంటుంది. కర్ర చీలకుండా చుట్టి పట్టి ఉంచే ఆ చిన్న లోహపు కట్టును మనం పేరు పెట్టి పిలుస్తామే గాని, దానికొక చరిత్ర ఉంటుందని తలపోయము. ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతసీమలో పుట్టిన ఒక మడతచాకు కథ మాత్రం చాలావరకు పొన్ను చుట్టూనే తిరుగుతుంది. ఆ చాకు పేరు ఒపినెల్. 1890లో రూపుదిద్దుకొన్న ఈ చాకు నేటికీ దాదాపు అదే ఆకృతిలో తయారవుతున్నది. 130 ఏళ్ళకు పైబడిన ఈ ఆయుస్సులో దాని పనితీరులో జరిగిన పెద్ద సవరణలు రెండే. ఆ రెండూ పొన్నుకు సంబంధించినవే. నిత్యమూ జేబులో ఉండే పనిముట్టు దేనివలన నమ్మదగినదవుతుంది, మారకపోవడం వలననా, మారడం వలననా అన్న ప్రశ్న చాలాకాలంగా నన్ను వెంటాడుతున్నది. ఈ చాకు చరిత్రలో దానికొక మంచి సమాధానం ఉన్నదని తోచి ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

చాకును పిడిలోకి మడిచి పెట్టుకోవాలన్న ఆలోచన చాలా పాతది. రోమనుల నాటి మడతచాకులు ఐరోపా ప్రదర్శనశాలలలో నేటికీ ఉన్నాయి. మన దక్షిణదేశంలోనూ, తాటియాకుల మీద వ్రాసిన కాలంలో, ఒకవైపు గంటము, మరొకవైపు ఆకులు కత్తిరించే చిన్న కత్తి, రెండూ పిడిలోకి మడుచుకొనే పనిముట్టు ఉండేది. తమిళులు దానిని మడక్కెళుత్తాణి అన్నారు. మడక్కు అంటే మడవడం, ఎళుత్తాణి అంటే గంటము. వ్రాతకూ కోతకూ ఒకే పిడి అన్నమాట. కాబట్టి ఒపినెల్ గొప్పదనం మడతలో లేదు. ఆ మడతను ఎంత తక్కువ సామగ్రితో, ఎంత తక్కువ ఖర్చుతో, సామాన్యుని జేబుకు అందించింది అన్నదానిలో ఉన్నది.

ఆ చాకు పుట్టిన చోటును ముందుగా చూద్దాము. సవోయ్ అనే పర్వతరాజ్యం 1860 వరకు ఫ్రాన్సులో శాశ్వత భాగం కాదు. ఆ సంవత్సరం కుదిరిన టురిన్ సంధితో అది ఫ్రాన్సులో కలిసింది. ఆ సీమలోని మోరియెన్ లోయలో సాన్ జాన్ ద మోరియెన్ అనే పట్టణం, దానికి సమీపంలో జెవూద అనే కుగ్రామం ఉన్నాయి. పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో విక్టర్ అమెదే ఒపినెల్ అనే ఆయన, ఊరూరా తిరిగి మేకులమ్ముకొనే వ్యాపారం మాని, జెవూదలో కమ్మరి కొలిమి పెట్టుకొన్నాడు. ఆయన కుమారుడు దానియెల్ చేతిలో ఆ కొలిమికి మంచి పేరు వచ్చింది. గొడ్డళ్ళు, కొడవళ్ళు, కొమ్మలు నరికే కత్తులు, ఇలా చుట్టుపక్కల రైతులకు కావలసిన పదునైన పనిముట్లన్నీ అక్కడ తయారయ్యేవి.

దానియెల్ కుమారుడు జోసెఫ్ 1872లో పుట్టాడు. అంతకు ఒక ఏడాది ముందే, 1871లో, ఆ లోయ గుండా ఫ్రాన్సును ఇటలీతో కలిపే ఫ్రేజూస్ రైలు సొరంగం ప్రారంభమయింది. కొండను తొలిచి దాదాపు 13 కిలోమీటర్ల పొడవున వేసిన దారి అది. తాతతండ్రుల కాలంలో కాలినడకన వచ్చే వార్తలు జోసెఫ్ కాలానికి రైలెక్కి వచ్చాయి. ఈ కుర్రవానికి యంత్రాలంటే మహా మక్కువ. తన చేతులతోనే ఒక కెమెరా తయారుచేసుకొని, ఊళ్ళో పెళ్ళిళ్ళకు ఛాయాచిత్రాలు తీసేవాడట. కొలిమి పని చేసుకొంటూనే, ఖాళీ వేళల్లో ఒక చిన్న జేబుచాకు ఆకృతి మీద మనసు పెట్టాడు. 1890లో, అంటే పద్దెనిమిదేళ్ళ వయసులో, ఆ ఆకృతి ఒక కొలిక్కి వచ్చింది.

అందులో ఉన్న భాగాలు నాలుగే. ఒకటి, ఉక్కు అలుగు. రెండు, కర్ర పిడి. మూడు, అలుగు తిరగడానికి ఇరుసుగా పిడికి అడ్డంగా దిగగొట్టిన రివిట్టు. నాలుగు, పిడి తలను బిగించి పట్టే లోహపు పొన్ను. పిడిలో రంపంతో ఒక చీలిక చేస్తారు; అలుగు మడిచినపుడు ఆ చీలికలో పడుకొంటుంది. చీలిన కర్ర నోరు తెరవకుండా పొన్ను పట్టి ఉంచుతుంది. అప్పటి మేలిరకపు జేబుచాకులలో వెన్నున ఒక ఉక్కు స్ప్రింగు, పక్కల రెండు రేకులు, వాటి మీద కొమ్ముతోనో ఎముకతోనో చేసిన అతుకులు ఉండేవి. జోసెఫ్ వాటన్నిటినీ వదిలివేశాడు. వ్యాకరణవేత్తలకు సూత్రంలో అర్ధమాత్ర తగ్గితే ఎంత సంతోషమో మా గురువులు చెప్పేవారు. లాఘవం అంటే తేలికగా ఉండటం మాత్రమే కాదు, తీసివేయడానికి ఇంకేమీ మిగలని స్థితి. ఈ చాకు చూసినపుడు నాకు ఆ మాట గుర్తుకు వస్తుంది.

అలుగు ఆకృతి గురించి ఒక ముచ్చట. ఒపినెల్ అలుగు కొస కొంచెం పైకి లేచి ఉంటుంది. ఈ తీరుకు యాటగాన్ అని పేరు. అది తురుష్కుల ఖడ్గం పేరు. మన "చాకు" శబ్దం ఎక్కడిదని చూస్తే, అది ఉర్దూ ద్వారా పారసీకం నుండి మనకు చేరింది. పారసీకులకు తురుష్క భాషా కుటుంబం నుండి చేరింది. ఆల్ప్స్ కొండల్లో ఒక కమ్మరి కుర్రవాని చాకుకు వంపు, తెలుగునాట ఆ వస్తువుకు పేరు, రెండూ తురుష్కుల మూలం నుండే వచ్చాయన్నమాట. పనిముట్లు, వాటి పేర్లు సైన్యాల కంటె ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి.

1897లో జోసెఫ్ ఈ చాకును 1 నుండి 12 వరకు పన్నెండు పరిమాణాలలో తయారుచేయడం మొదలుపెట్టాడు. 1వ నంబరు ఎంత చిన్నదంటే దానిని గడియారపు గొలుసుకు తగిలించుకొని పొగగొట్టం శుభ్రం చేసుకోవడానికి వాడేవారు. 12వ నంబరు అలుగు 12 సెంటీమీటర్లు. 1935లో 1, 11 నంబర్లను మానివేశారు. మొదటిది మరీ చిన్నది. 11వది అటు 10కి, ఇటు 12కి మరీ దగ్గరిది. తక్కిన వాటికి మళ్ళీ వరుస నంబర్లు ఇవ్వలేదు. నేటికీ వరుసలో ఆ రెండు అంకెల చోటు ఖాళీగానే ఉంటుంది. పాతకాలం మనిషి వచ్చి 8వ నంబరు కావాలని అడిగితే, అతని తాత అడిగినదే అతనికీ దొరుకుతుంది.

1909లో జోసెఫ్ తన చాకుకు ఒక ముద్రను నమోదు చేయించాడు. ఫ్రాన్సు రాజు తొమ్మిదవ చార్లెస్ 1565లో, కత్తులు చేసే ప్రతి పనివాడూ తన సరుకు మీద తన గుర్తు వేయాలని ఆజ్ఞాపించాడు. ఆ సంప్రదాయాన్ని అనుసరించి జోసెఫ్ ఎన్నుకొన్నది కిరీటం కింద ఆశీర్వదిస్తున్న హస్తం. బాప్తిస్మమిచ్చు యోహాను వ్రేళ్ళు తమ పట్టణపు దేవాలయంలో ఉన్నాయని సాన్ జాన్ ద మోరియెన్ ప్రజల విశ్వాసం. పట్టణ చిహ్నంలోని చేయి అదే. కిరీటం సవోయ్ ప్రభువులది. 1909 నాటికి ఆ సీమ ఫ్రాన్సులో కలిసి 49 ఏళ్ళు అయింది. అయినా ఫ్రాన్సు అంతటా అమ్ముడుపోయే చాకు మీద ఊరి చేయి, ఒకనాటి రాజ్యపు కిరీటం నిలిచాయి. ఎల్లలు మారినంత త్వరగా మనుషుల ఊరిపేరు మారదు. ఈ సంగతి మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

సరిగా అదే కాలంలో, ఆల్ప్స్ పర్వతాలలోనే, మరొక జేబుచాకు పుట్టింది. స్విట్జర్లాండులోని ఈబాక్ గ్రామానికి చెందిన కార్ల్ ఎల్సెనర్ 1891లో స్విస్ సైన్యానికి చాకులు సరఫరా చేయడం మొదలుపెట్టి, 1897లో అధికారుల చాకును నమోదు చేయించాడు. జోసెఫ్ పన్నెండు నంబర్లు మొదలయిందీ ఆ ఏడాదే. ఎల్సెనర్ సైనికుని అవసరాలన్నీ లెక్కవేసి చాకు, మరలు తిప్పేది, డబ్బా కోసేది, బిరడా తీసేది అన్నీ ఒక పిడిలో చేర్చాడు. జోసెఫ్ కోసే పనినొక్కటే పట్టుకొన్నాడు. రెండూ లోకప్రసిద్ధమయ్యాయి, ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనను. స్విస్ చాకు సిద్ధంగా ఉన్న సమాధానాల సంపుటి వంటిది. ఒపినెల్ ఒకే సమాధానం చెబుతుంది. తక్కిన తెలివి చేతికి వదిలివేస్తుంది.

ఈ చాకును దేశమంతటా వ్యాపింపజేసినవారు ముఖ్యంగా ఊరూరా తిరిగే చిల్లర వ్యాపారులు, రైల్వే కార్మికులు. తాత మేకులు మోసిన దారినే మనుమని చాకులూ వెళ్ళాయి. జోసెఫ్ 1901 తరువాత జెవూద వంతెన వద్ద తన మొదటి కర్మాగారం కట్టి, పిడులు తయారుచేసే యంత్రాన్ని స్వయంగా రూపొందించాడు. షాంబేరి రైల్వేస్టేషను వద్ద చిన్న అంగడి తెరిచారు. అక్కడ కొన్న రైలు ఉద్యోగులు తమతోపాటు ఆ చాకు పేరును కూడా ఊళ్ళు దాటించారు. 1911లో టురిన్ అంతర్జాతీయ ప్రదర్శనలో దానికి స్వర్ణపతకం వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తయారీ షాంబేరి పక్కనున్న కొన్యాన్ అనే చోటికి మారింది. 1939 నాటికి అమ్ముడైన చాకులు సుమారు 2 కోట్లని లెక్క.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంత ప్రఖ్యాతి పొందిన ఆ చాకులో ఒక ప్రమాదం ఉండేది. తెరిచిన అలుగును తెరిచినట్లే నిలిపి ఉంచడానికి కర్ర బిగువు తప్ప మరొక ఆధారం లేదు. కొత్తలో బిగువు బాగానే ఉంటుంది. పాతబడి వదులైనప్పుడు, అలుగు కొస దేనిలోనో గుచ్చుకొని చేయి ముందుకు తోస్తే, చాకు మడుచుకొని పట్టుకొన్న వ్రేళ్ళ మీదకే వస్తుంది. రైతులు దానిని ఎరిగి జాగ్రత్తపడి వాడారు. పనిముట్టులోని లోపాన్ని వాడేవాని నైపుణ్యం పూరించింది. 65 సంవత్సరాలు అలాగే గడిచాయి.

1955లో జోసెఫ్ కుమారుడు మార్సెల్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. దాని పేరు విరోబ్లాక్. ఫ్రెంచి భాషలో విరోల్ అంటే పొన్నే. ఉన్న పొన్ను మీద, ఒకవైపు చీలిక గల మరొక లోహపు చుట్టును ఎక్కించాడు. అది వ్రేలితో తిరుగుతుంది. చీలిక అలుగు దారికి ఎదురుగా ఉంటే చాకు తెరుచుకొంటుంది, మూసుకొంటుంది. కొంచెం తిప్పితే చుట్టు అడ్డం వచ్చి అలుగు కదలదు. కొత్తగా స్ప్రింగు లేదు, మీట లేదు, మర లేదు. చాకు వెడల్పూ రూపూ మారలేదు. నాలుగు భాగాలు అయిదయ్యాయి, అంతే.

అప్పటికి జోసెఫ్ బ్రతికే ఉన్నాడు. ఆయన 1960లో కన్నుమూశాడు. అంటే తండ్రి పద్దెనిమిదేళ్ళ వయసులో చేసిన దానిని, తండ్రి ఎనభై దాటి జీవించి ఉండగానే, కుమారుడు సవరించాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఏ మాటలు జరిగాయో ఊహించి వ్రాయడం చరిత్రకు తగదు. కాని వస్తువే సాక్ష్యం చెబుతున్నది. తండ్రి చేసిన నాలుగు భాగాలలో దేనినీ కుమారుడు తీసివేయలేదు. లోపం ఎక్కడ ఉన్నదో అక్కడే, తండ్రి పెట్టిన పొన్ను మీదనే, తన పొన్నును నిలిపాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. 65 ఏళ్ళు ఎందుకు ఆగారు? ఆ కాలంలో తెగిన వ్రేళ్ళకు ఎవరు జవాబుదారీ? ఇది న్యాయమైన ప్రశ్న. సంప్రదాయాన్ని మెచ్చుకొనేవారు దీనిని దాటవేయకూడదని నా అభిప్రాయం. పాతది కాబట్టి మంచిదని అనేవాడు 1954 వరకు ఆ చాకును అలాగే ఉంచమంటాడు. పాతది కాబట్టి పారవేయమనేవాడు 1955లో స్ప్రింగులతో మీటలతో వేరొక చాకు చేసి, దానికి పాత పేరు తగిలిస్తాడు. ఈ రెండు దారులలోనూ ఒపినెల్ మిగలదు. దేనిని తాకరాదో తెలిసినవానికే దేనిని మార్చాలో తెలుస్తుంది. మార్సెల్ చేసింది అదే. ఆలస్యమయిందన్న మాట నిజమే. ఆ ఆలస్యాన్ని గుణంగా కీర్తించనక్కరలేదు.

2000లో రెండవ సవరణ జరిగింది. అంతవరకు తెరిచిన చాకుకు మాత్రమే అడ్డుగా నిలిచిన చుట్టు, అప్పటి నుండి మూసిన చాకును కూడా తెరుచుకోకుండా పట్టి ఉంచుతున్నది. జేబులోనో సంచిలోనో దానంతటది తెరుచుకొనే భయం పోయింది.

విచిత్రమేమంటే, వ్రేళ్ళను కాపాడే ఈ ఏర్పాటే కొన్నిచోట్ల చట్టానికి అనుమానాస్పదమయింది. ఇంగ్లండులో 1988 నాటి చట్టం ప్రకారం మూడు అంగుళాలకు మించని అంచు గల మడతచాకును జేబులో ఉంచుకోవచ్చు. కాని తెరిచినపుడు బిగిసిపోయే చాకు ఆ మినహాయింపులోకి రాదని న్యాయస్థానాలు తేల్చాయి. తగిన కారణం లేనిదే దానిని బహిరంగ ప్రదేశాలలో వెంట ఉంచుకోరాదు. రైతుకు రక్షణ అయినది నగరంలో శంకకు కారణమయింది. పనిముట్టు ఒకటే, దానిని చూసే కన్ను మారింది. చట్టాన్ని తప్పుపట్టలేము. చాకు మంచితనం పట్టిన చేతిని బట్టి ఉంటుంది గదా!

నా వద్ద 8వ నంబరు ఒకటి ఉన్నది. మా అల్లుడుగారు ఉద్యోగరీత్యా లియాన్ నగరానికి వెళ్ళినపుడు తెచ్చి ఇచ్చారు. అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. బరువు మన జేబులోని తాళపుచెవుల గుత్తి కంటె తక్కువ. పిడి బీచ్ అనే చెట్టు కర్ర. తుప్పు పట్టని ఉక్కుతో చేసిన రకమూ దొరుకుతుంది గాని, నాది పాతరకపు కర్బన ఉక్కు. మామిడికాయ కోసినా నిమ్మకాయ కోసినా నల్లబడుతుంది. వెనుకటి ఇనుప కత్తిపీట సంగతి ఎరిగినవారికి ఇది కొత్త కాదు. పని కాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు ఒక చుక్క నూనె రాస్తే చాలు. అందుకు ప్రతిఫలంగా మామూలు సానరాయి మీద పది నిమిషాలలో మంచి పదునుకు వస్తుంది.

వానాకాలంలో మన ఇళ్ళ తలుపులు ఉబ్బినట్లే దాని పిడి కూడా ఉబ్బి, అలుగు గోటికి లొంగదు. దానికి సవోయ్ వారి చిట్కా ఒకటి ఉన్నది. చాకు మూసి ఉండగా, చుట్టును తెరిచే చోటికి తిప్పి, పిడి మడమను బల్లకేసి ఒక దెబ్బ కొడతారు. అలుగు కొంచెం బయటికి వస్తుంది. దానిని "సవోయ్ వాని దెబ్బ" అంటారు. లోపానికి పేరు పెట్టి, ఉపాయం నేర్చుకొని, తరువాతి తరానికి నేర్పడం కూడా ఒక సంస్కారమే. నమ్మకం అంటే లోపం లేకపోవడం అని చాలామంది అనుకొంటారు. లోపం ఏదో ముందే తెలిసి ఉండటం, అది ప్రతిసారీ ఒకేలా ఉండటం, మన చేతితో సరిచేసుకోగలగడం, ఇవి కూడా నమ్మకంలో భాగమే. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన సహోద్యోగిని మనం నమ్మేది ఈ రీతినే.

ఉపాధ్యాయునిగా నాకు నచ్చిన మరొక సంగతి, పిల్లల కోసం వారు చేసే 7వ నంబరు. దాని పేరే "నా మొదటి ఒపినెల్". అలుగు కొస గుండ్రంగా ఉంటుంది, అంచుకు మాత్రం నిజమైన పదునే ఉంటుంది. మా బడులలో పిల్లలు విరిగిన బ్లేడు ముక్కతో పెన్సిళ్ళు చెక్కుకొనేవారు. పిడి లేని పదును అది. పిల్లవాని చేతికి మొద్దు చాకు ఇస్తే ఆటవస్తువు అవుతుంది, వాడికి ఏమీ రాదు. పదునైన చాకు ఇచ్చి, పక్కన కూర్చొని, ఎటువైపు కోయాలో చూపితే బాధ్యత వస్తుంది. చదువు కూడా అంతే.

1985లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాల ప్రపంచంలోని నూరు అందమైన ఉత్పత్తులలో ఒకటిగా దీనిని ప్రదర్శించింది. రోలెక్స్ గడియారం, పోర్షె 911 కారు దాని సరసన ఉన్నాయి. పండితవృత్తిలో ఉన్న నాకు అంతకంటె గొప్పగా తోచిన గౌరవం 1989లో దక్కింది. ఆ ఏడాది ఒపినెల్ అన్న మాట ఫ్రెంచివారి లారూస్ నిఘంటువులోకి ఎక్కింది. ఇంటిపేరు వస్తువు పేరై, వస్తువు పేరు భాషాపదమయింది.

నేను 1858 నాటి బాలవ్యాకరణం వల్లెవేసి పండితుణ్ణయిన వాణ్ణి. పాఠం చెప్పింది మాత్రం గిడుగు రామమూర్తి పంతులుగారు వాదించి గెలిపించిన వ్యావహారికంలో. ఈ రెంటికీ వైరం ఉన్నదని ఒకప్పుడు హోరాహోరీగా వాదాలు నడిచాయి. నాకు ఇప్పుడు ఆ వాదం తండ్రి పొన్నుకూ కుమారుని పొన్నుకూ మధ్య తగవులా కనబడుతుంది. మొదటి పొన్ను లేకపోతే కర్ర చీలిపోతుంది. రెండవది లేకపోతే వ్రేలు తెగుతుంది. చాకు పనిచేయాలంటే ఒకదాని మీద ఒకటిగా రెండూ ఉండాలి.

చివరగా బ్లాగ్మిత్రులకు ఒక మనవి. పొన్ను అన్న మాట రోళ్ళతో, రోకళ్ళతోపాటు మరుగున పడుతున్నది. మీ ప్రాంతంలో ఈ లోహపు చుట్టును ఏమంటారు? మడతచాకుకు, దాని పిడికి, అలుగుకు, పదునుకు మీ పెద్దలు వాడిన మాటలేవి? కమ్మరి కొలిమి వద్ద విన్న మాటలు ఏవైనా జ్ఞాపకముంటే వ్యాఖ్యలలో వ్రాయండి. ఎవరి జిల్లా మాట అయినా సరే, ఉన్నది ఉన్నట్లుగా వ్రాయండి, దిద్దనక్కరలేదు. అన్నిటినీ ఒకచోట చేర్చి పెడతాను.